ఉక్కు పడవను బాగుచేయబూనినవానికి హితవు

నాయనా, పాత ఉక్కు తెరచాప పడవ ఒకటి నీ చేతికి వచ్చింది. దాన్ని బాగుచేసి మళ్లీ సముద్రం మీదికి తీసుకుపోవాలని సంకల్పించావు. సంకల్పం మంచిదే. రంగు డబ్బా మూత తీయకముందే నాలుగు మాటలు విను. ఇవి చెవికి ఇంపుగా ఉండకపోవచ్చు. తుప్పు పట్టిన పడవ గురించి ఇంపైన మాటలు చెప్పేవాళ్లు యార్డు నిండా ఉంటారు. వాళ్లలో రేపు నీతో పాటు ఆ పడవ ఎక్కేవాడు మాత్రం ఉండడు.

ముందు పడవను చూడటం నేర్చుకో. నీటిలోంచి ఎత్తి దిమ్మల మీద నిలబెట్టిన పడవ చుట్టూ తిరిగితే, డెక్కు అంచుల నుంచి కారిన ఎర్రచారల మీద నీ కన్ను పడుతుంది. యజమానులు సిగ్గుపడేది వాటికే. ఒక్క బోల్టు మొదట్లో రంగు లేచినా గజం పొడవున చార దిగుతుంది. చూపుకు అది వికారమే. కానీ అందులో కరిగిపోయిన ఉక్కును పోగుచేస్తే చిటికెడు కూడా ఉండదు. పడవ ప్రాణం తీసే తుప్పు అంత బాహాటంగా కనబడదు, లోపలి నుంచి తింటుంది. నేలచెక్కల కింద ఏనాడూ తడి ఆరని బిల్జ్‌లో ఉంటుంది. మంచినీళ్ల ట్యాంకు వెనక ఉంటుంది. లంగరు గొలుసు పడి ఉండే అరలో, మరుగుదొడ్డి గొట్టాల పక్కన, ప్లేటును లోపలి నుంచి పక్కటెముకల్లా పట్టి ఉంచే బద్దెలకు నీరు జారిపోవడానికి పెట్టిన రంధ్రాలు చెత్తతో పూడుకుపోయిన చోట ఉంటుంది. చలికి చెమర్చిన ప్లేటుకూ దాని మీద అతికించిన ఫోముకూ మధ్య సందులో ఉంటుంది. వెనకటి రోజుల్లో కొందరు బిల్జ్‌లో సిమెంటు పోసి నున్నగా తీర్చేవారు. సిమెంటుకూ ఉక్కుకూ మధ్య వెంట్రుకవాసి ఎడం వచ్చినా నీరు చేరుతుంది, చేరిన నీటిని తుడిచే దారి ఉండదు. అలాంటి సిమెంటు కనిపిస్తే అది బాగున్నట్టు తోచినా పగలగొట్టించు.

ఈ తరహా పడవల ప్లేటు మందం తరచుగా నాలుగైదు మిల్లీమీటర్లే. రక్షణ లేని ఉక్కు సముద్రపు నీటిలో ఏడాదికి సుమారు 0.1 మిల్లీమీటరు చొప్పున తరుగుతుంది. ఈ లెక్క పట్టుకుని నలభై ఏళ్లదాకా భయం లేదనుకునేవాళ్లున్నారు. అది సగటు లెక్క. తుప్పు సమానంగా తినదు, ఒకచోట కూర్చుని లోతుకు దిగుతుంది. ప్లేటు అంతా దిట్టంగా ఉండి, ఒక్క గుంట మాత్రం సగటుకు ఎన్నో రెట్ల వేగంతో అవతలికి పోతుంది. చిల్లు పడటానికి ఆ ఒక్కటి చాలు.

కాబట్టి సుత్తి తీసుకో. బరువైనది అక్కర్లేదు, పెచ్చులు రాల్చే మొనసుత్తి చాలు. నీటిగీత కింద జానెడు జానెడు ఎడంగా కొడుతూ పో. సారమున్న ప్లేటు ఖంగుమంటుంది, సుత్తి చేతిలో ఎగిరి వెనక్కి వస్తుంది. సారం పోయిన ప్లేటు దబ్బుమంటుంది, సుత్తి పడిన చోటే ఆగిపోతుంది. ఒక్కోసారి మొన అవతలికి దిగిపోతుంది కూడా. గుండె జారుతుంది. జారనీ. దిమ్మల మీద ఉండగా సుత్తికి పడిన చిల్లు నీకు జరిగిన మేలు. పడవ అమ్మేవాడు సుత్తి తేవద్దంటే ఆ బేరం అక్కడితో వదిలెయ్యి.

సుత్తి చెప్పినదాన్ని అంకెల్లోకి తెచ్చేది శబ్దతరంగాలతో మందం కొలిచే మీటరు. ప్లేటు మీద జెల్ రాసి మీటరు మొన ఆనిస్తే, ధ్వని అవతలి అంచుదాకా వెళ్లి తిరిగివచ్చిన కాలాన్ని బట్టి మందం చూపుతుంది. ఉక్కులో ధ్వని వేగం సెకనుకు సుమారు 5,900 మీటర్లు. రంగు పొరలో అందులో సగం కూడా ఉండదు. అందుకే పాతరకం మీటరును రంగు మీదే ఆనిస్తే, ఒక మిల్లీమీటరు రంగు రెండు మిల్లీమీటర్లకు మించిన ఉక్కుగా లెక్కలో చేరిపోతుంది. ఏళ్ల తరబడి రంగు మీద రంగు వేసిన పడవ ఇలా కాగితం మీద బలిసి కనబడుతుంది. రంగును మినహాయించుకుని కొలిచే మీటర్లు ఇప్పుడు వచ్చాయి. అవి ఉన్నా సరే, అనుమానమున్న చోట ఉక్కు తేలేదాకా గోకి కొలువు. సుద్దముక్కతో గళ్లు గీసుకుని, వచ్చిన అంకెను ఆ గడిలో ప్లేటు మీదే రాయి. కాగితాన్ని మడిచి జేబులో వేసుకుని మరచిపోవచ్చు. ప్లేటు మీది అంకె రోజూ పొద్దున్నే ఎదురొస్తుంది. అసలు మందంలో ఐదో వంతో నాలుగో వంతో పోయిందంటే ప్లేటు మార్చవలసిందేనని ఓడల తనిఖీదారులు సాధారణంగా అంటారు. ఆ గీతను నీ వీలును బట్టి జరపకు.

పెచ్చు మందాన్ని చూసి బెదిరిపోనూ వద్దు. ఉక్కు తుప్పుగా మారినప్పుడు అసలుకు కొన్ని రెట్లు పొంగుతుంది. వేలి మందాన పొరలు పొరలుగా ఊడివచ్చినా, వెనక ఇంకా చాలినంత ప్లేటు మిగిలి ఉండవచ్చు. నున్నని రంగు కింద ఏమీ మిగలకపోనూవచ్చు. కొలిచేదాకా రెండింటినీ నమ్మకు.

తుప్పు ఎందుకు పట్టిందో తెలుసుకోకుండా బాగుచేస్తే, చేసిన చోటే మళ్లీ చేయవలసి వస్తుంది. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌక అడుగుకు రాగిరేకులు తొడిగింది. కర్రను తొలిచే పురుగుల నుంచి కాపాడుకోవాలని ఆ ఏర్పాటు. ఓడ వెస్టిండీస్‌కు పోయి వచ్చాక 1763లో పరీక్షిస్తే రాగి బాగానే ఉంది. దానికి తగులుతున్న ఇనుప మేకులు మాత్రం తినేసినట్టు నాశనమయ్యాయి. రేకులకు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం ఎక్కడ చిరగకుండా రాగికీ ఇనుముకూ నడుమ మిగిలిపోయిందో, అక్కడి మేకులు చెక్కుచెదరలేదు. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో ఒకదానికొకటి తగిలితే, తక్కువ స్థాయి లోహం కరిగి రెండోదాన్ని కాపాడుతుంది. ఆ ఓడ నేర్పిన పాఠమిది. నీ పడవలోనూ ఆ నాటకం నడుస్తూనే ఉంటుంది. ఇత్తడి వాల్వును ఉక్కుకు నేరుగా బిగించినవాడెవడో ఉంటాడు. అడుగున నాచు పట్టకుండా రాగి కలిసిన రంగును, కింద ఎపాక్సీ పొర లేకుండా, ఉత్త ఉక్కు మీదే పూసినవాడు ఉంటాడు. బిల్జ్‌లో తెగిపడిన రాగి తీగముక్కను తీయకుండా వదిలినవాడు ఉంటాడు.

1824లో హంఫ్రీ డేవీ ఈ స్వభావాన్నే రక్షణగా మలచవచ్చని రాయల్ సొసైటీకి వివరించాడు. చిన్న జింకు ముక్కో ఇనుప ముక్కో తగిలిస్తే అది తాను కరిగి రాగిని నిలబెడుతుంది. నీ పడవ అడుగున బిగించే జింకు దిమ్మలకు మూలం ఆ ఆలోచనే. వాటికి పొరపాటున కూడా రంగు వేయకు. వేస్తే అవి అలంకారానికి తప్ప ఎందుకూ పనికిరావు. ఎక్కువ బిగిస్తే ఎక్కువ మేలనీ అనుకోకు, రక్షణ మితిమీరితే రంగే లేచిపోతుంది. మెరీనాలో ఒడ్డు నుంచి కరెంటు తీసుకున్నప్పుడు, ఆ తీగలోని ఎర్తు ద్వారా పక్కపడవల లోహమంతా నీ పడవతో కలిసిపోతుంది. నీ జింకు ఊరందరినీ కాపాడుతూ కరిగిపోతుంది. అది అయిపోయాక నీ ఉక్కు వంతు వస్తుంది. మధ్యలో ఐసొలేటరో ట్రాన్స్‌ఫార్మరో పెట్టించు. దానికయ్యే ఖర్చు ఒక ప్లేటు మార్చే కూలికి సరిపోదు.

ఇక మరమ్మతు. ఇక్కడే నీకు పరీక్ష ఎదురవుతుంది. ఎవరో ఒకరు వచ్చి, పాడైన చోటును కోయడమెందుకు, పైన ఇంకో ప్లేటు వేసి చుట్టూ వెల్డింగ్ చేసేద్దాం, రెండు రోజుల్లో పని అయిపోతుంది అంటారు. డబ్లింగ్ అని దానికి పేరు. లోపలి సామాను తీయనక్కర్లేదు, ఫోము ఊడదీయనక్కర్లేదు, డబ్బు మిగులుతుంది. రంగు వేశాక చూసినవాడికి తేడా తెలియదు. తెలియకపోవడమే అందులోని దోషం. చెద తిన్న వాసానికి రేకు కొట్టి రంగు పూసిన ఇంట్లో పిల్లలను పడుకోబెడతావా? రెండు ప్లేట్ల నడుమ చిక్కిన తడి బయటికి రాదు. పాత ప్లేటు లోపలి నుంచి తరుగుతూనే ఉంటుంది. కొత్త ప్లేటు అంచులను పట్టుకోవలసిన చోట అప్పటికే పల్చబడిన ఉక్కు ఉంటుంది. కెరటం కొట్టినప్పుడల్లా భారమంతా ఆ వెల్డింగ్ గీత మీద పడుతుంది. పడవకు బరువు పెరుగుతుంది, బలం పెరగదు. ఇంగ్లండు కాలువల్లో తిరిగే పడవలకు ఈ పద్ధతి వాడుకలో ఉంది. నిలకడ నీటిలో, ఒడ్డు చేతికి అందే దూరంలో అది ఎంతో కొంత చెల్లుతుందేమో. మహాసముద్రం దాటాలనుకునేవాడు ఆ ఉదాహరణ ఎత్తుకోకూడదు. ఎక్కడో దూరపు రేవులో చిల్లు పడి గత్యంతరం లేనప్పుడు డబ్లర్ వేయి. యార్డుకు చేరగానే దాన్ని కోసి తీసేయి.

సరైన దారి కోతే. గుంటలు ఎక్కడ ఆగాయో అక్కడ గీత గీయకు. వాటిని దాటి, మంచి ఉక్కు ఖాయంగా దొరికిన చోట గీయి. మనసు ఆ గీతను లోపలికి లాగుతుంది, రెండంగుళాలు తగ్గిస్తే ఒక బద్దె విప్పే పని తప్పుతుందని. ఆ రెండంగుళాలే కొత్త ప్లేటుకు పట్టు. కోత మూలలు పలకగా వదలకు, గుండ్రంగా తిప్పు. పలక మూల దగ్గర ఒత్తిడి గుమిగూడి అక్కడి నుంచే చీలిక మొదలవుతుంది. అట్టముక్కతో కొలతకు నమూనా చేసుకుని, అసలు మందమే ఉన్న ప్లేటు తెచ్చి, పడవ వంపుకు ముందే వంచుకుని కూర్చోబెట్టు. కొత్త ప్లేటు మీద నీలినలుపు మిల్లు పొర నిగనిగలాడుతూ ఉంటుంది. అది కవచమని భ్రమపడకు. ఆ పొర ఎక్కడ పగిలితే అక్కడ ఉక్కు ఇంకా వేగంగా గుంటపడుతుంది. పూర్తిగా పోగొట్టాకే రంగు.

వెల్డింగ్‌లో తొందరపడేవాడి పని పదడుగుల దూరం నుంచే తెలుస్తుంది. ఒక మూల నుంచి మొదలుపెట్టి ఏకబిగిన లాగితే వేడికి పల్చని ప్లేటు మెలితిరిగి లొత్తలు పడుతుంది. ముందు అక్కడక్కడా చుక్కలు పెట్టి, ఆపైన ఇక్కడ కొంచెం, ఎదురుగా కొంచెం, మళ్లీ వేరేచోట కొంచెంగా వేసుకుంటూ పోవాలి. నడుమ చెయ్యి ఆనించగలిగేంత చల్లారనివ్వాలి. తక్కువ హైడ్రోజన్ రాడ్లు వాడుతుంటే పెట్టెలో వేడి చేసి పొడిగా ఉంచుకో. చెమ్మ పట్టిన రాడ్డుతో వేసిన వెల్డింగ్ చూపుకు బాగుండి లోపల పగలవచ్చు. బయట వేయడం అయ్యాక లోపలి వైపు గీతను గ్రైండర్‌తో మంచి లోహం తేలేదాకా తొలిచి అటునుంచీ వెయ్యి. తరువాత మన పాతకాలపు ట్యాంకు పనివాళ్ల పరీక్ష ఒకటి చెయ్యి. ఒకవైపు సుద్దనీళ్లు పూసి ఆరనిచ్చి, రెండోవైపు గీత వెంట కిరసనాయిలు రాసి కాసేపు ఆగు. సూదిమొనంత సందున్నా తెల్లని సుద్ద మీద తడిమచ్చ తేలుతుంది. మచ్చ తేలిన చోటును పైనుంచి పూడ్చకు, తొలిచి తీసి మళ్లీ వెయ్యి. తీసేముందు కిరసనాయిలు మిగలకుండా శుభ్రంగా తుడిచి ఆరనివ్వు.

ప్రాణాల సంగతి ఇక్కడ చెప్పాలి. మిగతావన్నీ మరచినా ఇది మరువకు. ఏళ్లుగా మూసి ఉన్న ఉక్కు ట్యాంకులో తుప్పు పడుతున్నంతకాలం అది లోపలి గాలిలోని ఆక్సిజన్‌ను తింటూనే ఉంటుంది. మామూలు గాలిలో అది 20.9 శాతం. 19.5కు తగ్గితే లోపలికి పోకూడదు. మూసిన ట్యాంకులో ఇంకా ఎంతో కిందికి దిగి ఉండవచ్చు. వాసన ఉండదు, మంట ఉండదు, ఊపిరాడటం లేదన్న హెచ్చరిక కూడా ఉండదు. మూత తీసి తల దూర్చినవాడు ఏమైందో తెలిసేలోపే కూలిపోతాడు. వాణ్ణి లాగబోయి రెండోవాడు దిగుతాడు, వాడి కోసం మూడోవాడు. ఇలాంటి చోట పోయినవాళ్లలో రక్షించబోయినవాళ్లు ఎందరో. మూత తీసి ఫ్యాను పెట్టి గాలి ఆడించు. మీటరుతో గాలిని కొలిచాకే మనిషిని దించు. బయట ఒకణ్ణి కాపలా ఉంచు. ఏం జరిగినా లోపలికి దూకనని ముందే వాడితో మాట తీసుకో. విశాఖలోనైనా, సింగపూర్‌లోనైనా, గల్ఫ్‌లోనైనా యార్డుల్లో వెల్డింగ్‌కు పోయే మన పిల్లలకు ఈ మాట ఇంట్లో పెద్దలే చెప్పి పంపాలి. మేస్త్రీ తొందరపెట్టినా సరే, కొలవని ట్యాంకులో దిగనని చెప్పే హక్కు వాళ్లకుంది.

నిప్పు సంగతీ అంతే. వెల్డింగ్ బయట జరుగుతుంటే కాలేది లోపల. ప్లేటు వెనక అంటించిన ఫోము రాజుకుంటే వచ్చే పొగ విషం. చుట్టూ ఒక మూర మేర ఊడదీసి, లోపల నీళ్లతో, మంటలార్పే సిలిండరుతో మనిషిని కూర్చోబెట్టు. పని ఆపాక కూడా వాడు వెంటనే లేవకూడదు. బ్యాటరీల తీగలు విప్పడం, ఎర్తు క్లిప్పును వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా పెట్టడం వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

రంగు సంగతి ఇప్పుడు. అందరికీ తొందర దీని మీదే, అందుకే దీన్ని చివరికి ఉంచాను. ముందు మంచినీళ్లతో ఉప్పు వదిలేలా బాగా కడుగు. కడగకుండా బ్లాస్టింగ్ చేస్తే, అంటే గాలి ఒత్తిడితో రేణువులు చిమ్మి తుప్పు రాల్చితే, ఉప్పు గుంటల్లోనే మిగులుతుంది. మరునాడు ఉక్కు మెరుస్తూ ఉన్నా గుంటల అడుగున నల్లమచ్చలు తేలతాయి. అప్పుడు మళ్లీ కడిగి మళ్లీ బ్లాస్టింగ్ చేయాలి, విసుగుపడి లాభం లేదు. నది ఇసుకతో చేయించకు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, పనివాడి ఆయుష్షు తింటుంది. ఇసుకకు బదులు గార్నెట్ వాడతారు. భీమిలి, శ్రీకాకుళం తీరాల ఇసుకలోనూ ఆ ఎర్రని రేణువు ఉంది. అంతర్జాతీయ ప్రమాణంలో ఎస్‌ఏ 2½ అనే స్థాయికి, అంటే దాదాపు తెల్లలోహం కనిపించేదాకా శుభ్రం కావాలి. గాలిలో తేమ 85 శాతానికి మించకూడదు. గాలిలోని తేమ చెమ్మగా పేరుకునే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కంటే ప్లేటు కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలి. ఆ పూటే మొదటి పొర పడాలి. ఇంత చేసి కొందరు ఒక్కటి మరుస్తారు: బయట వేసిన వెల్డింగ్ వేడికి లోపలి వైపు రంగు కాలిపోయి ఉంటుంది. అది బీరువా వెనక ఉంటుంది, ట్యాంకు కింద ఉంటుంది, చెయ్యి దూరదు. ఆ చోటికి చెయ్యి చేరేదాకా బల్లలూ అరలూ విప్పు. పడవకు మళ్లీ తుప్పు వచ్చేది అక్కడి నుంచే.

పాడైన పడవను మరొకరికి అంటగట్టే ఆలోచన ఎప్పుడైనా నీకు కలగవచ్చు. ఖర్చు మితిమీరినప్పుడు అందరికీ కలుగుతుంది. అలాంటి రోజున పుట్టీ పూసి, రంగు వేసి, మెరుగు పెట్టి అమ్మకు. కొన్నవాడు భార్యాబిడ్డలతో ఎక్కుతాడు. వాడికి అమ్మవలసివస్తే గళ్ల అంకెలతో సహా చూపించి, అవి తెచ్చే ధరకే అమ్ము. ఏ ధరకూ పనికిరాదని తేలితే తూకానికి వెయ్యి. పాత ఉక్కుకు తూకం ధర ఎప్పుడూ ఉంటుంది.

అలాగని తొందరగా ఆశ వదులుకోకు. ఫ్రెంచి నావికుడు బెర్నార్ మ్వాతెస్యె రెండు కర్రపడవలను దరులకు కొట్టుకుని పోగొట్టుకున్నాడు. తరువాత, సముద్రానికి దూరంగా ఉన్న షోఫాయ్ అనే ఊళ్లో, ఉక్కు పని చేసే జాన్ ఫ్రికో చేత జాషువా అనే ఉక్కు పడవను కట్టించుకున్నాడు. 1968లో ఒంటరిగా భూమి చుట్టే పందెంలో ఆ పడవతో బయల్దేరాడు. 1969లో పందెం ఇక చాలనుకుని గమ్యం మార్చి తాహితి దాకా పోయాడు. 1982 డిసెంబరులో మెక్సికోలోని కాబో సాన్ లూకాస్ దగ్గర తుపాను అనేక పడవలతో పాటు జాషువానూ ఒడ్డుకు విసిరి ఇసుకలో పాతింది. ఆయన దాన్ని కుర్రవాళ్ల చేతికి అప్పగించాడు. వాళ్లు తవ్వి తీశారు, బాగుచేశారు. 1990లో ఫ్రాన్సులోని లా రోషెల్ సముద్ర మ్యూజియం దాన్ని కొన్నది. ఇప్పుడు అక్కడే ఉంది. ఇంకోవైపు, 1878లో పోర్ట్ గ్లాస్గోలో కట్టిన నాలుగు తెరస్తంభాల ఇనుప ఓడ ఫాల్స్ ఆఫ్ క్లైడ్ హొనొలులు రేవులో దశాబ్దాల తరబడి శిథిలమవుతూ నిలిచింది. దాన్ని కాపాడాలనుకున్నవాళ్లకు కొదవ లేదు. పని మాత్రం సకాలంలో జరగలేదు. 2025లో దాన్ని సముద్రంలోకి లాగుకుపోయి ముంచేశారు. ఈ రెంటిలో నీ పడవ ఏ దారిన పోతుందో సుత్తి పట్టిన రోజున తెలియదు. ఖర్చు అంచనా వేసుకున్న రోజున సగం తెలుస్తుంది. కాబట్టి ముందు మొత్తం పడవను కొలిచి, లెక్క కట్టి, తరువాతే మొదటి కోత కోయి. సగం కోసి వదిలిన పడవలు యార్డు వెనక ఎన్నో పడి ఉంటాయి.

చివరికి పడవ నీటిలో దిగిన రాత్రి నేలచెక్కలు మూయకు. టార్చి పట్టుకుని కొత్త వెల్డింగ్ గీతలన్నిటినీ లోపలి నుంచి తడుముతూ చూడు. ఎక్కడైనా చెమ్మ తగిలితే పొడిగుడ్డతో తుడిచి గంట ఆగి మళ్లీ చూడు. మళ్లీ తడి ఊరితే వేలికొసతో అద్ది నాలుకకు తాకించు. చప్పగా ఉంటే చలికి ప్లేటు చెమర్చింది, తుడిచి గాలి ఆడనివ్వు. ఉప్పగా ఉంటే, రేపు బయల్దేరాలని ఎందరికి చెప్పి ఉన్నా, తెల్లవారగానే క్రేను పిలిపించు.